అమ్మ కాలి మీద రెండున్నరేళ్లుగా మానని పుండు: కట్టు కట్టించాలా, లేజరు చేయించాలా?

ప్రశ్న: తెనాలి అమ్మాయి

అందరికీ నమస్కారం. మా అమ్మ వయసు 58 సంవత్సరాలు. 22 ఏళ్లుగా తెనాలిలో కర్రీ పాయింట్ నడుపుతోంది. తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి ముందు నిలబడితే మధ్యాహ్నం రెండు గంటల దాకా కూర్చునే వీలుండదు, సాయంత్రం మళ్లీ అదే పని. ఆమె ఎడమ కాలికి లోపలి వైపున, చీలమండకు నాలుగు వేళ్ల పైన, రెండున్నరేళ్ల క్రితం దురదకు గోకినప్పుడు చిన్న గాయమైంది. అది మానకపోగా ఇప్పుడు అరచేతిలో సగం మేర పరుచుకుంది. చుట్టూ ఉన్న చర్మం కాఫీ పొడి రంగుకు తిరిగి చెక్కలా గట్టిపడింది. పొద్దున లేచేసరికి కాలి వాపు తగ్గి ఉంటుంది, సాయంత్రానికి మాత్రం చీర అంచు రసితో తడిసిపోతుంది. ఆ వాసనకు సిగ్గుపడి అమ్మ పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లడం మానేసింది.

ఆమెకు ఏడేళ్లుగా షుగరు ఉంది, మూడు నెలల సగటు 7.4 వచ్చింది. అందుకే మొదట చూసిన వాళ్లంతా ఇది షుగరు పుండేనన్నారు. ఇప్పటికి నాలుగు కోర్సులు యాంటీబయాటిక్స్ వాడాము. బెటాడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, యాంటీబయాటిక్ పౌడరు, మధ్యలో పసుపు, వేపాకు, అన్నీ అయ్యాయి. పోయిన నెల ఒక వైద్యుడు ఇది ఉబ్బు నరాల వల్ల వచ్చిన పుండని చెప్పి, లేజరుతో ఆ నరాన్ని మూయించమన్నారు. మరొకరు ముందు గట్టిగా కట్టు కట్టి చూడమన్నారు. మా మేనమామ మాత్రం షుగరు ఉన్న కాలికి బిగించి కట్టు కడితే రక్తం అందక కాలే పోతుందని భయపెడుతున్నారు. ఎవరి మాట వినాలో మాకు తెలియడం లేదు. ఇన్ని మందులు వాడినా ఈ పుండు ఎందుకు మానలేదు? కట్టు నిజంగా ప్రమాదకరమా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: పల్లె సర్జన్

అమ్మా, మీరు రాసిన నాలుగు వాక్యాల్లోనే రోగ నిర్ధారణ చాలావరకు ఉంది. షుగరు వల్ల వచ్చే పుండు సాధారణంగా అరికాలిలో, వేళ్ల కింద, ఒరుసుకునే చోట వస్తుంది. అక్కడ స్పర్శ తగ్గి ఉంటుంది. ధమనులు పూడుకుపోయి వచ్చే పుండు వేళ్ల చివర్లలో, మడమ మీద వస్తుంది. రాత్రి పడుకుంటే నొప్పి ఎక్కువై, కాలు మంచం కిందికి వేలాడదీస్తే తగ్గుతుంది. చీలమండకు పైన లోపలి వైపున, నల్లబడి గట్టిపడిన చర్మం నడుమ, లోతు తక్కువగా ఉండి రసి ఎక్కువగా కారే పుండు, అందులోనూ కాలు పైకి పెట్టుకుంటే ఉపశమనం ఇచ్చే పుండు, నూటికి తొంభై పాళ్లు సిరల జబ్బు వల్ల వచ్చినదే అయి ఉంటుంది. నేను కాలిని చూడలేదు కనుక చూసి నిర్ధారించే పని మీ వైద్యుడిదే.

మన భాషలో ఒక చిక్కు ఉంది. స్పర్శను తెలిపే వాటినీ నరాలనే అంటాము, చెడు రక్తాన్ని గుండెకు చేర్చే సిరలనూ నరాలనే అంటాము. 'నరాలు ఉబ్బాయి' అనే మాట పట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి వెళ్లి, బలం మాత్రలు వాడుతూ ఏళ్లు గడిపిన రోగులను నేను చాలామందిని చూశాను. మీ అమ్మగారి సమస్య సిరలది.

సిరల్లో రక్తం కింది నుంచి పైకి ఎక్కాలి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా రక్తాన్ని పైకి నెడుతుంది, అది తిరిగి జారకుండా సిరల లోపలి చిన్న కవాటాలు మూసుకుంటాయి. కదలకుండా నిలబడిన మనిషి చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. ఆరోగ్యవంతుడు పది అడుగులు వేస్తే అది 30కి దిగువకు పడిపోతుంది. కవాటాలు చెడినవారికి నడిచినా అది తగ్గదు. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడి భరించిన సన్నని రక్తనాళాల నుంచి నీరు, ఎర్ర కణాలు చర్మంలోకి ఊరుతాయి. ఆ కణాలు విడిచిన ఇనుమే మీరు చెప్పిన కాఫీ రంగు. చర్మం కింద వాపు నిలిచిపోయి కొవ్వు పొర గట్టిపడుతుంది, అలాంటి చర్మం చిన్న గోటి గీతకే పగులుతుంది, పగిలితే మూసుకోవడానికి కావలసిన సత్తువ దానికి ఉండదు.

మందులు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. పుండు ఉపరితలం మీద సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి, చీము పరీక్షకు పంపితే ఏదో ఒకటి పెరుగుతుంది, దాన్ని చూసి యాంటీబయాటిక్ రాస్తారు. చుట్టూ ఎర్రదనం కొత్తగా పాకడం, వేడి, జ్వరం, నొప్పి ఒక్కసారిగా పెరగడం వంటి లక్షణాలు ఉంటే తప్ప ఆ మందు వల్ల పుండు త్వరగా మానదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్తగా పుడుతున్న కణజాలాన్నే దెబ్బతీస్తుంది. పౌడర్లలో తరచుగా ఉండే నియోమైసిన్ ఇలాంటి చర్మానికి ఎలర్జీ తెచ్చిపెడుతుంది. ఆ దురదలో కొంత భాగం పౌడరు పుణ్యమే కావచ్చు, దయచేసి ఆపించండి.

కట్టు గురించి మీ మేనమామ గారి భయం అర్థం లేనిది కాదు. దానికి సమాధానం ఒక పరీక్షలో ఉంది. రక్తపోటు చూసే పట్టీని చీలమండ పైన చుట్టి, చిన్న డాప్లర్ పరికరంతో నాడి చప్పుడు వింటూ కాలి రక్తపోటు కొలుస్తారు, దాన్ని చేతి రక్తపోటుతో భాగిస్తారు. 0.8 నుంచి 1.3 మధ్య వస్తే ధమనుల ప్రవాహం బాగున్నట్టు, బిగువైన కట్టు నిశ్చింతగా కట్టవచ్చు. 0.5కు, 0.8కి మధ్య ఉంటే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో బిగువు తగ్గించి కట్టాలి. 0.5 కంటే తక్కువ ఉంటే కట్టు జోలికి పోకుండా వెంటనే రక్తనాళాల సర్జన్‌కు చూపించాలి. షుగరు ఉన్నవారిలో ధమని గోడలు సున్నం పట్టి గట్టిపడి, ఈ అంకె 1.3 దాటి తప్పుడు ధైర్యం ఇవ్వవచ్చు. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి కొలిపించాలి. ఈ పరీక్ష లేకుండా మీ అమ్మగారికి ఎవరినీ గట్టి కట్టు కట్టనివ్వకండి.

ఒక ప్రశ్న. మీ అమ్మగారికి ఏ కాన్పు తర్వాతనైనా, ఏదైనా ఆపరేషన్ తర్వాతనైనా ఆ ఎడమ కాలు బాగా వాచి వారాల తరబడి తగ్గకుండా ఉందా? ఒకసారి అడిగి చెప్పండి.

జవాబు: పొన్నూరు రైతు

మా అన్నయ్యకు ఇదే చోట పుండు ఉంటే తొడ చర్మం తీసి అతికించారు. నెల తిరిగేసరికి చక్కగా మానింది, ఎంతో సంతోషించాము. తర్వాత కాలిని బిగించి పట్టే ఒత్తిడి సాక్స్ వేసుకోమని గానీ, సిరలకు స్కాన్ చేయించమని గానీ మాకు ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలకు అతికించిన చర్మం మధ్యలోనే మళ్లీ పుండు లేచింది. డబ్బు పోయినందుకు కాదు, ఆయన ఇక ఇది మానదని నిశ్చయించుకుని రెండేళ్లు ఏ వైద్యమూ చేయించుకోలేదు, నా బాధ అదీ. మీరు ముందే అడిగి మంచి పని చేశారు.

జవాబు: విశ్రాంత కండక్టర్

తల్లీ, నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేశాను. నాకు కుడి కాలి మీద ఇలాంటి పుండు నాలుగేళ్లు ఉండి, కట్టుతో ఐదు నెలల్లో మానింది. తర్వాత లేజరు చేయించుకున్నాను. వైద్యం సంగతి డాక్టరు గారు చెప్పారు కాబట్టి, కట్టుతో కాపురం చేయడం ఎలా ఉంటుందో నేను చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని మధ్యలో వదిలేసేది అక్కడే.

మొదటి పది రోజులు కాలు లాగుతుంది, నిద్ర పట్టదు. ఆ పది రోజులు నొప్పికి మాత్ర రాయించుకోండి. ఓర్చుకుంటే అదే పోతుందని ఊరుకోవద్దు, ఎందుకంటే నొప్పి భరించలేక రాత్రి పూట కట్టు విప్పేసుకుంటారు. కానీ వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా మాత్రం అది ఓర్చుకునే నొప్పి కాదు, వెంటనే విప్పి డాక్టరుకు చూపించాలి. స్నానానికి ఎత్తు పీట మీద కూర్చుని, కాలికి పాలిథిన్ సంచి తొడిగి, పైన పాత గుడ్డతో కట్టుకునేవాణ్ణి. చెప్పులు రెండు సైజులు పెద్దవి, పట్టీ వదులు చేసుకునేవి కొనుక్కున్నాను. మంచానికి కాళ్ల వైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టించాను. దిండ్లు పెడితే నిద్రలో జారిపోతాయి, ఇటుక జారదు.

మే నెలలో కట్టు లోపల చెమటకు వచ్చే దురద నరకమే. కట్టు లోపలికి పుల్ల పెట్టి గోకవద్దని మీ అమ్మగారికి గట్టిగా చెప్పండి. నేను అలా చేసే కొత్తగా ఇంకో చిన్న పుండు తెచ్చుకున్నాను. నడవండి అంటే నేను మొదట నమ్మలేదు, పుండుతో నడిస్తే పెరుగుతుందని అనుకున్నాను. నిజానికి నిలబడడమే చెరుపు. బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టినన్నాళ్లూ పెరిగిన పుండు, కట్టు కట్టుకుని రోజూ ఉదయం అరగంట, సాయంత్రం అరగంట నడవడం మొదలుపెట్టాక తగ్గుముఖం పట్టింది.

జవాబు: బర్మింగ్‌హామ్ నర్సు

మాది రాజమండ్రి. ఇంగ్లండులో ఇళ్లకు వెళ్లి ఇలాంటి పుండ్లకు కట్టు కట్టే నర్సుగా పనిచేస్తున్నాను. పై జవాబులను చదివాక, కట్టు ఎలా ఉండాలో చెప్పడం అవసరమనిపించింది. మన దగ్గర మందుల షాపులో దొరికే మామూలు క్రేప్ బ్యాండేజీని ఒక చుట్ట చుట్టి, అది పని చేయలేదు కాబట్టి కట్టు వైద్యమే పని చేయదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. క్రేప్ ఒక్కటే చుడితే కొన్ని గంటల్లోనే వదులవుతుంది. చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి వారం పాటు నిలబడాలి, వైద్యం చేసేది ఆ ఒత్తిడే. లండన్‌లోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో 1980ల చివర రూపొందించిన నాలుగు పొరల కట్టు ఇందుకోసమే పుట్టింది: అడుగున దూది పొర, దాని మీద క్రేప్, ఆపైన సాగే పట్టీ, చివర తనకు తానే అంటుకునే పట్టీ. రెండు పొరల కట్లు, తక్కువ సాగే పట్టీలు కూడా బాగానే పనిచేస్తాయి. ఏ రకం అన్నదాని కంటే కట్టే చేతికి శిక్షణ ఉందా లేదా అన్నది ముఖ్యం.

కట్టు వేళ్ల మొదళ్ల దగ్గర మొదలై, మడమను పూర్తిగా కప్పుతూ, మోకాలికి రెండు వేళ్ల కింద ముగియాలి. పాదం పిక్కకు లంబంగా ఉండాలి. ప్రతి చుట్టూ కిందటి చుట్టును సగం కప్పాలి, లాగే బిగువు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. చీలమండ సన్నం, పిక్క లావు కాబట్టి అదే బిగువుకు కింద ఒత్తిడి ఎక్కువగా, పైన తక్కువగా దానంతట అదే పడుతుంది. పుండు ఉన్న చోట మాత్రమే చుడితే పాదం ఉబ్బిపోతుంది. పిక్కకు ముందున్న కాలి ఎముక మీద, చీలమండ గుబ్బల మీద దూది ఎక్కువ వేయాలి, లేకపోతే కట్టే అక్కడ పుండు చేస్తుంది. రసి ఎక్కువగా ఉన్న మొదటి వారాల్లో వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి మారిస్తే చాలు. రోజూ విప్పి చూడడం పుండుకు మేలు కాదు.

కట్టు మార్చే ప్రతిసారీ బకెట్టులో శుభ్రమైన పాలిథిన్ పరిచి, గోరువెచ్చని మంచినీళ్లలో కాలంతా కడగండి, పొలుసులు మెత్తబడి ఊడతాయి. పుండు మీద అంటుకోని మామూలు డ్రెస్సింగు, చుట్టూ చర్మానికి వాసన లేని వాజలిన్ చాలు. ఖరీదైన వెండి డ్రెస్సింగుల కోసం అప్పు చేయకండి, ఆ డబ్బు మంచి పట్టీలకు పెట్టండి.

ఇక కట్టా, లేజరా అన్న ప్రశ్న. ఇక్కడ 2004లో వెలువడిన ఎస్చార్ పరిశోధనలో 500 మందిని పరిశీలించారు. కట్టుతో పాటు పైసిరల (చర్మం కిందనే పైపైన ఉండే సిరల) శస్త్రచికిత్స కూడా చేసినవారికీ, కట్టు మాత్రమే కట్టినవారికీ పుండు మానే వేగంలో తేడా కనిపించలేదు; కానీ ఏడాదిలో తిరిగి రావడం మాత్రం 28 శాతం నుంచి 12 శాతానికి తగ్గింది. 2018లో వెలువడిన ఎవ్రా పరిశోధనలో 450 మందిలో సగం మందికి రెండు వారాల లోపే లేజరు వంటి పద్ధతులతో చెడిన సిరను మూసివేశారు, మిగతావారికి పుండు మానాక లేదా ఆరు నెలల తర్వాత చేశారు. తొందరగా చేసినవారికి మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 56 రోజులు, ఆలస్యంగా చేసినవారికి 82 రోజులు. రెండు జట్లకూ కట్టు తప్పలేదు. కాబట్టి మీకు సలహా ఇచ్చిన ఇద్దరు వైద్యులూ సగం సగం సరైన మాటే చెప్పారు. కట్టు ఈ వారమే మొదలుకావాలి, లేజరు వీలైనంత త్వరగా జరగాలి, ఒకటి జరిగిందని రెండోది మానకూడదు.

మీ అమ్మగారి సిగ్గు గురించి చదివి చాలా బాధ కలిగింది. ఇక్కడ ఎల్లీ లిండ్సే అనే నర్సు 1995లో సఫోక్ జిల్లాలోని ఒక ఊరిలో లెగ్ క్లబ్ మొదలుపెట్టింది. ఇలాంటి పుండ్లతో ఇల్లు కదలని ముసలివాళ్లంతా ఊరి హాల్లో కలిసి కూర్చుని, టీ తాగుతూ, కబుర్లు చెప్పుకుంటూ కాళ్లు కడిగించుకుని కట్లు కట్టించుకుంటారు. మన మండల కేంద్రాల్లో వారానికి ఒక పూట ఇలాంటిది పెట్టడానికి బకెట్లు, బల్లలు, శిక్షణ పొందిన ఇద్దరు నర్సులు చాలు.

తెనాలి అమ్మాయి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డాక్టరు గారూ, మీరు అడిగిన ప్రశ్న అమ్మను అడిగాను. నేను పుట్టిన తర్వాత, అంటే 33 ఏళ్ల కిందట, ఎడమ కాలు తొడ దాకా వాచి రెండు నెలలు తగ్గలేదట. బాలింత వాతమని కాపడం పెట్టి, ఆకులు కట్టారట. ఇంతవరకు ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు, ఏ వైద్యుడూ అడగనూ లేదు.

జవాబు: పల్లె సర్జన్

అది లోతు సిరలో గడ్డకట్టిన రక్తం అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. గడ్డ కరిగిపోయినా అది పాడుచేసిన కవాటాలు తిరిగి రావు. అది ఎడమ కాలే కావడం కూడా గమనించదగిన విషయం. ఎడమ కాలి రక్తాన్ని తెచ్చే పెద్ద సిర పొత్తికడుపులో కుడి ధమని కింద నుంచి వెళుతుంది, కొందరిలో ఆ ధమని దాన్ని వెన్నుపూసకు నొక్కి ఉంచుతుంది. మే, థర్నర్ అనే ఇద్దరు వైద్యులు 1957లో దీన్ని వివరించారు.

అందువల్ల డాప్లర్ స్కాన్‌కు వెళ్లినప్పుడు ఈ కాన్పు సంగతి ముందుగా చెప్పండి. పడుకోబెట్టి గడ్డ ఉందో లేదో చూసి పంపించే స్కాన్ మనకు చాలదు. నిలబెట్టి, పిక్క నొక్కి వదిలి, రక్తం ఎంతసేపు వెనక్కి జారుతోందో ఒక్కో సిరలో కొలవాలి. పైసిరలో అర సెకను, తొడలోని లోతు సిరలో ఒక సెకను దాటి జారితే కవాటాలు చెడినట్టు. లోతు సిర పూర్తిగా మూసుకుపోయి, పైసిర ద్వారానే రక్తం పైకి వెళుతున్న పరిస్థితి ఉంటే ఆ పైసిరను లేజరుతో మూయడం హాని చేస్తుంది. ఖర్చు భారమనిపిస్తే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, మీ కార్డుకు ఈ చికిత్స వర్తిస్తుందేమో లేజరుకు తేదీ తీసుకోక ముందే అడగండి.

తెనాలి అమ్మాయి (ఆరు వారాల తర్వాత)

చీలమండ పరీక్షలో 1.1 వచ్చింది, బొటనవేలి ఒత్తిడి కూడా బాగుందన్నారు. స్కాన్‌లో తొడ లోతు సిరలో పాత గడ్డ మచ్చలు ఉన్నాయి, కానీ ప్రవాహం ఉంది. పొత్తికడుపు సిర బాగానే ఉంది. పైన ఉన్న పొడవాటి సిరలో రక్తం నాలుగు సెకన్లు వెనక్కి జారుతోందట. వచ్చే నెల 9వ తేదీన లేజరు నిర్ణయించారు. గుంటూరులో శిక్షణ పొందిన నర్సు ఒకరు కట్టు కడుతున్నారు. ప్రతి వారం పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద పుండు అంచు గీసి, గ్రాఫు కాగితం మీద పెట్టి గడులు లెక్కిస్తున్నాను. మొదటి వారం 31 చదరపు సెంటీమీటర్లు, నిన్న 17. వాసన పూర్తిగా పోయింది. పోయిన ఆదివారం అమ్మ మా పిన్ని ఇంట్లో సీమంతానికి వెళ్లి వచ్చింది.

రెండు సందేహాలు మిగిలాయి. కాలు తేలికపడిందని అమ్మ కట్టు తీసేసి కర్రీ పాయింట్‌కు వెళతానంటోంది. రెండోది, పుండు పై అంచున ఒక చోట చర్మం కొంచెం ఎత్తుగా కనిపిస్తోంది, భయపడాలా?

జవాబు: పల్లె సర్జన్

31 నుంచి 17కు రావడం చాలా మంచి సూచన. మొదటి నెలలో మూడో వంతు తగ్గిన పుండు చివరి దాకా మానే అవకాశం ఎక్కువ. ఎత్తుగా ఉన్న అంచును మాత్రం వచ్చే వారం సర్జన్‌కు చూపించండి. లోపలికి వాలుగా, పల్చగా ఉన్న అంచు మానుతున్న అంచు. గట్టిగా, బయటికి పొర్లినట్టు ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి ఉన్న పుండులో అరుదుగా క్యాన్సర్ పుడుతుంది. చాలాసార్లు అది మామూలు కణజాలమే అవుతుంది, అయినా చూసి వదిలేయాలి గానీ చూడకుండా వదలకూడదు.

కర్రీ పాయింట్‌కు వెళ్లవచ్చు, కట్టుతోనే వెళ్లాలి. పొయ్యి దగ్గర వేడికి సిరలు ఇంకా వ్యాకోచిస్తాయి, అందుకని తిరగమోతలు, వేపుళ్లు ఇంకొకరికి అప్పగించి, కూరలు తరగడం, పొట్లాలు కట్టడం, గల్లాపెట్టె చూసుకోవడం ఆమె కూర్చుని చేసేలా చూడండి. కూర్చున్నప్పుడు ఎదురుగా ఇంకో కుర్చీ వేసి కాలు దాని మీద పెట్టాలి. గంటకోసారి లేచి, గోడ పట్టుకుని మునివేళ్ల మీద ఇరవై సార్లు లేచి దిగితే పిక్క పంపు పనిచేస్తుంది. పుండు పూర్తిగా మూసుకున్నాక కూడా రెండు, మూడు వారాలు కట్టు ఉంచి, ఆ తర్వాత మోకాలి కింద దాకా వచ్చే ఒత్తిడి సాక్స్‌కు మారాలి. లోతు సిరలో మచ్చలు ఉన్నందున లేజరు జరిగినా ఆమెకు సాక్స్ తప్పవు. కొలత ఉదయం, వాపు దిగి ఉన్నప్పుడే, చీలమండ దగ్గర, పిక్క లావైన చోట తీయించండి. రెండు జతలు కొనండి, ఒకటి ఉతికితే ఇంకొకటి వేసుకోవడానికి. మంచం దిగకముందే తొడిగి, రాత్రి పడుకునేటప్పుడు తీయాలి. ఉతికేటప్పుడు వేడినీళ్లు, ఇస్త్రీ వద్దు, నీడన ఆరేయండి; ఆరు నెలలకు సాగుదల పోతుంది, అప్పుడు కొత్త జత తీసుకోండి.